చెరసాల గీతాలు

లుయీజి దల్లపిక్కొలా 1904 ఫిబ్రవరి 3వ తేదీన ఇస్త్రియా ద్వీపకల్పంలోని పిసినో పట్టణంలో జన్మించాడు. ఆనాడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని ఊరు. తరువాత ఇటలీకి దక్కింది. నేడు పజిన్ అనే పేరుతో క్రొయేషియాలో ఉంది. తండ్రి అక్కడి ఇటాలియన్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ భాషలో చదువు చెప్పడమే పాలకుల కంటికి రాజద్రోహంగా తోచింది. పాఠశాల మూతపడింది. 1917లో ఆ కుటుంబాన్ని గ్రాట్స్ నగరానికి తరలించి నిర్బంధంలో ఉంచారు. పదమూడేళ్ల ఆ బాలుడు అక్కడి నాటకశాలలో వాగ్నర్ సంగీతరూపకం 'ఫ్లయింగ్ డచ్‌మన్' విని, స్వరకర్త కావాలని నిశ్చయించుకున్నాడు. నిర్బంధమూ, సంగీతమూ ఆయన జీవితంలో ఒకే చోట ప్రవేశించాయి.

1922లో ఫ్లారెన్స్ చేరాడు. రెండేళ్లకు అక్కడ షోన్‌బర్గ్ స్వయంగా నిర్వహించిన 'పియరో లూనేర్' విని ముగ్ధుడయ్యాడు. షోన్‌బర్గ్ ప్రవేశపెట్టిన పద్ధతిని కొంత వివరించాలి. స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలు కర్ణాటక సంగీతం అభ్యసించేవారికి పరిచితాలే. అయితే రాగానికి షడ్జం ఆధారం. తక్కిన స్వరాలన్నీ దానిని ఆశ్రయించి నిలుస్తాయి. ఈ పద్ధతిలో అట్టి ఆధారస్వరమే లేదు. పన్నెండింటినీ ఒక వరుసగా కూర్చి, ఆ వరుసనే తిన్నగాను, వెనుకనుండియు, తలక్రిందులుగాను నడుపుతారు. ఇది హృదయం లేని గణితమని నిందించినవారున్నారు. దల్లపిక్కొలా చేతిలో మాత్రం ఆ గణితం పాడుకోదగినదయింది. గానప్రియులైన ఇటాలియన్ల వారసుడు కదా!

యౌవనంలో ఆయన ముస్సోలినీ పాలనను అభిమానించాడు. ఇది దాచవలసిన విషయం కాదు. అబిసీనియా దండయాత్ర, స్పెయిన్ అంతర్యుద్ధం ఆ భ్రమను సడలించాయి. 1938లో వెలువడిన జాతి చట్టాలు దానిని సమూలంగా పెకలించాయి. ఆయన భార్య లారా యూదు వంశీయురాలు. నోరు విప్పితే ఆమెకే ముప్పు. అందుచేత ఆయన నిరసన సంగీతమైంది.

'చెరసాల గీతాలు' అనే బృందగాన రచనను ఆ ఏడాదే ఆరంభించి 1941లో ముగించాడు. మరణం ఎదుట నిలిచిన ముగ్గురు బందీల లాటిన్ వాక్యాలు దీనికి సాహిత్యం. స్కాట్లండ్ రాణి మేరీ స్టూవర్ట్, తత్త్వవేత్త బొయీథియస్, ఫ్లారెన్స్ సన్న్యాసి సవనరోలా - వీరే ఆ బందీలు. గాయకులకు తోడుగా రెండు పియానోలు, రెండు హార్ప్‌లు, గంటలు, తాళవాద్యాలు మాత్రమే ఉంటాయి. వయొలిన్ల మాధుర్యానికి చోటు లేదు. రోమ్ నగరంలో 1941 డిసెంబరు 11న దీనిని తొలిసారి వినిపించారు. ఇటలీ అమెరికాపై యుద్ధం ప్రకటించింది ఆనాడే.

1944-48 మధ్య రచించిన 'ఖైదీ' అనే ఏకాంక సంగీతరూపకం అంతకన్న దారుణమైనది. కథ 16వ శతాబ్దపు స్పెయిన్‌లోని మతవిచారణ చెరలో జరుగుతుంది. చిత్రహింసలకు గురైన ఖైదీని ఒకనాడు చెరసాల అధికారి "సోదరా!" అని పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపుతో బతుకుమీద ఆశ చిగురిస్తుంది. తలుపు తెరచి ఉంటుంది. సొరంగం దాటి, నక్షత్రాల వెలుగులో తోటలోకి వచ్చి, ఆనందం పట్టలేక దేవదారు వృక్షాన్ని కౌగిలించుకోబోతాడు. చెట్టు చాటునుండి రెండు చేతులు ఆయననే కౌగిలించుకుంటాయి. "సోదరా!" అన్న ఆ కంఠమే మళ్లీ వినిపిస్తుంది. అది మహావిచారణాధికారి కంఠం. ఆశ పెట్టడమే ఆఖరి చిత్రహింస అని ఖైదీకి అప్పుడర్థమవుతుంది. చితివైపు నడుస్తూ "స్వేచ్ఛయా?" అని గొణుగుతాడు. తెర పడుతుంది. పగవాని నోట "శత్రువా" అన్న మాట కన్న "సోదరా" అన్న మాట ఎంత భయంకరమో ఈ రూపకం వినిపించినంతగా మరొకటి వినిపించలేదనవచ్చు.

1949లో రేడియోలోను, 1950లో ఫ్లారెన్స్ రంగస్థలంపైను ఇది ప్రదర్శితమైంది. మతాన్ని కించపరచిందని కొందరు అలిగారు. నియంతలెవరికైనా తగిలే మాట ఇది. ఎవరి భుజాలు వారు తడుముకున్నారు.

ఇంతటి స్వరకర్త ఫ్లారెన్స్ సంగీత కళాశాలలో దశాబ్దాల తరబడి బోధించింది స్వరరచన కాదు. ఉపాంగ విషయమైన పియానో. 1967 వరకు ఆ పనిలోనే ఉన్నాడు. మరుసటి ఏడాది 'ఉలిస్సే' అనే పెద్ద సంగీతరూపకం బెర్లిన్‌లో ప్రదర్శించారు. 1975 ఫిబ్రవరి 19న ఫ్లారెన్స్‌లోనే కన్నుమూశాడు.