కోఠీ రెసిడెన్సీ: అమ్మమ్మకు అందని భాష



ఈసారి హైదరాబాద్ వెళ్తే కోఠీ మహిళా విశ్వవిద్యాలయంలోని పాత రెసిడెన్సీ భవనాన్ని పిల్లలకు చూపించండి. ఎత్తైన స్తంభాలతో అచ్చం ఇంగ్లండ్ ప్రభువుల భవంతిలా ఉంటుంది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దీన్ని మొదలుపెట్టించారు. ఆయన హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లి చేసుకున్నారు. ఘోషాలో ఉండే ఆమె కోసం ఈ భవనం నమూనానే చిన్నగా తోటలో కట్టించారంటారు.

1805లో వాళ్ల ఇద్దరు పసిపిల్లల్ని చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. ఆ ఏడాదే తండ్రి కలకత్తాలో చనిపోయారు. అక్కడ పిల్లల పేర్లు కూడా మారిపోయాయి. తల్లి వాళ్లను మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూశారు. పిల్లలు ఇంగ్లండ్ వెళ్లిన సుమారు 35 ఏళ్ల తర్వాత కూతురు కిట్టీకీ, అమ్మమ్మకూ మధ్య ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలు ఇంగ్లిష్‌లో, అమ్మమ్మ పారశీకంలో. ఒకరి మాట ఒకరికి చేరాలంటే మధ్యలో ఇంకొకరు అనువదించాల్సిందే.

"ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడించమంటారా మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడుగుతుంటారు. బడిలో ఇంగ్లిష్ నేర్పే బాధ్యత మాది. తిరువూరు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలతో మాత్రం తెలుగులోనే మాట్లాడనివ్వండి. ఈ నెల వాళ్లకు తెలుగులో ఒక ఉత్తరం రాయించండి. తప్పులున్నా దిద్దకండి. పెద్దవాళ్లకు చదవడం రాకపోతే, ఫోన్ చేసి పిల్లలనే చదివి వినిపించమనండి.