తలుపు అవతల ఇరవై నిమిషాలు

మా పెద్దమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. గంగవరం నుంచి పలమనేరుకు రోజూ ఆటోలో పోయి వస్తుంది. ఆమధ్య పిల్ల మొహం వాడిపోతుంటే, సరిగా తినడం లేదేమోనని సంగటి ఇంకో ముద్ద పెట్టాను గానీ, దగ్గర కూర్చోబెట్టుకుని అడగలేదు. చివరికి ఒక రాత్రి తనే, "అమ్మా, ఒంటికి పోతే మంటగా ఉంది" అంది.

మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీ రాసేచోట పదిమంది వింటుండగా, "ఏం కష్టం? పెండ్లయిందా?" అని గట్టిగా అడిగారు. వెనకే మా వీధివాళ్లు. పిల్ల నా కొంగు పట్టి లాగింది. కడుపునొప్పి అని చెప్పి, రెండు మాత్రలు తీసుకుని వచ్చేశాం. మంట తగ్గలేదు సరికదా, జ్వరం కూడా తగులుకుంది.

మా ఆశా కార్యకర్తకు చెప్పుకుంటే, "ఈ వయసు పిల్లలతో ఓపిగ్గా మాట్లాడే డాక్టరమ్మ ఉంది, పద అక్కా" అని ఇంకో ఆసుపత్రికి తోడు వచ్చింది.

ఆ డాక్టరమ్మ పిల్లను లోపలికి పిలిచి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది. నా మనసు చివుక్కుమంది. కన్నతల్లికి తెలియని రహస్యాలేముంటాయి? ఇరవై నిమిషాలు బెంచీ మీద ముళ్లమీద ఉన్నట్టు కూర్చున్నాను.

మూత్ర పరీక్ష చేస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది. కాలేజీలో బాత్‌రూముకు గడియ లేదట. అందుకని పొద్దున పోయినప్పటినుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకునేదట! మందులు రాసి, తగ్గిందని మధ్యలో మానకుండా పూర్తిగా వాడమంది. "ఇంకేం చెప్పింది డాక్టరుగారూ?" అంటే, "అది అమ్మాయే చెబుతుందిలెండి" అని నవ్వింది.

చెప్పింది. వారం తరువాత, పితికిపప్పుకని ఇద్దరం అనపకాయలు ఒలుస్తుంటే. తెల్లబట్ట అయితే పెద్ద జబ్బని, పిల్లలు పుట్టరని ఎవరో అన్నారట. కొద్దిగా కావడం మామూలేననీ, దురద, వాసన, రంగు మారడం ఉంటేనే చూపించాలనీ డాక్టరమ్మ చెప్పాక ప్రాణం కుదుటపడిందట. రెండేళ్లు నా పక్కనే పడుకుని ఆ భయం మోసింది నా బిడ్డ!

10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసమే 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పిల్లల మాట గుట్టుగా విని సలహా చెప్పే క్లినిక్కులు అందులో భాగం. మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పథకాలు ఎన్ని ఉన్నా, చీటీ రాసేచోటే పిల్ల సిగ్గుతో చచ్చిపోతే లోపలిదాకా ఎట్లా పోతుంది?

తరువాత ముగ్గురు తల్లులం పోయి కాలేజీలో అడిగాం. వారంలో గడియ పెట్టారు. మీ పిల్లల బడిలో గడియ ఉందా? ఈ సాయంత్రం ఒక్క మాట అడగండి. డాక్టరు బయట కూర్చోమంటే మాత్రం నాలాగా నొచ్చుకోకండి.