అడ్డు నిలిచిన కర్రిగాడు

కర్రిగాడిని మేము కొని తెచ్చుకోలేదు. 1994లో వానకు తడిసి మా చూరు క్రిందికి చేరిన కుక్కపిల్లకు మా పిల్లలు గంజి పోశారు. అంతే, ఇక మమ్మల్ని విడువలేదు. నల్లగా ఉన్నాడని ఆ పేరు పెట్టుకున్నాము. ఇంట్లో వారి మీద ఒక్కసారైనా మొరిగి ఎరుగడు.

1996 జూలైలో ఒక సాయంకాలము. ముసురు పట్టి ఉంది, కరెంటు లేదు. పొయ్యిలోకి పుల్లలు తెమ్మని మా ఎనిమిదేండ్ల అమ్మాయిని పెరటిలో కట్టెలు పేర్చిన చోటికి పంపాము. కర్రిగాడు దారికి అడ్డముగా నిలిచి మొరిగాడు. అమ్మాయి తప్పుకొని వెళ్లబోతే పరికిణీ పట్టుకొని వెనుకకు లాగాడు. బిడ్డ భయపడి ఏడ్చింది. కుక్కకు పిచ్చెక్కిందనుకొని మేము పరుగెత్తి కర్రతో రెండు దెబ్బలు వేశాము. మూలిగాడు గాని కదలలేదు. మూడవసారి కర్ర ఎత్తేసరికి కట్టెల సందునుండి పెద్ద బుస వినిపించింది. టార్చిలైటు వేసి చూస్తే రక్తపింజర! బిడ్డ చెయ్యి పెట్టవలసిన చోటనే చుట్ట చుట్టుకొని ఉంది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము 22వ అధ్యాయము తీశాము. బిలాము గాడిదను మూడుసార్లు కొట్టాడు. చేతిలో కత్తి ఉంటే చంపేవాడినన్నాడు. దారిలో నిలిచిన యెహోవా దూత గాడిదకు కనబడ్డాడు గాని ప్రవక్తకు కనబడలేదు. అది తొలగకపోయి ఉంటే బిలాము ప్రాణమే పోయేదని దూత చెప్పాడు. ఎన్నడైనా నీకు ఇలా చేశానా అని గాడిద అడిగిన మాట దగ్గర మేము చదవలేకపోయాము. సండేస్కూలులో బిలామును చూసి నవ్వినవారమే, ఆ సాయంకాలము మేమే బిలాములమైనాము. మోకరించి క్షమాపణ వేడుకున్నాము. గడప దగ్గర పడుకున్న కర్రిగాడు, కొట్టిన చేతినే నాకాడు.

ప్రియులారా, మన మేలు కోరేవారు మన దారికి అడ్డు నిలిచే దినములుంటాయి. వద్దని వారించే తల్లి, అప్పు చేయవద్దనే భార్య, మందలించే సంఘ కాపరి. ఎన్నడూ ఎదురు చెప్పనివారు ఒకనాడు ఎదురు నిలిస్తే, కర్ర ఎత్తకముందు కారణము అడుగుదాము. నోరులేని జీవము పట్లను అంతే. సామెతలు 12:10 పిల్లల చేత చదివించండి.

మరొక మాట. 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షలమంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనము అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది పల్లెలవారే. చీకటిలో కట్టెలలో చెయ్యి పెట్టవద్దు. కాటు పడితే మంత్రాలకు, నాటుమందులకు పోక, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ప్రార్థించండి గాని ఆలస్యము చేయవద్దు.

కర్రిగాడు 2005లో ముసలివాడై చనిపోయాడు. పెరటిలో జామచెట్టు క్రింద పూడ్చాము. ఆ రెండు దెబ్బలు మాత్రము నేటికీ మాకు గుర్తున్నాయి. కనబడని అపాయమునుండి మనలను మరలించు దేవునికే మహిమ కలుగును గాక.