రెండో తలుపు

"నిప్పార్పడానికి పీజీ చదవాలా? బిందెడు నీళ్ళుంటే చాలదూ?" ఈ రెండేళ్ళలో ఈ మాట అనని బంధువు లేడు. మన కాలేజీలో పగటి తరగతుల మిత్రులు కొందరు మమ్మల్ని "ఫైరింజన్ బ్యాచి" అంటారు. పోనీండి, పేరంటూ ఒకటుంది! విద్యార్థి సంఘం వారు ఈ సంచికకి ఏదైనా రాయమన్నారు కనుక, ఆ ప్రశ్నకే నాకు తోచిన జవాబు చెప్పుకుంటాను.

పగలు నేనొక గిడ్డంగిలో సూపర్‌వైజర్ని. సాయంత్రం బస్సు దిగి, క్యాంటీన్లో ఓ టీ తాగి, ఫైర్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ తరగతిలో కూర్చుంటాను. నా పక్కన ఆస్పత్రి ఇంజనీరు, సినిమా హాలు మేనేజరు, అగ్నిమాపక శాఖలో ఇరవై ఏళ్ళ సర్వీసున్న లీడింగ్ ఫైర్‌మన్ గారు. అందరికీ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి. ఆవులింతలూ ఉన్నాయి.

ముందు ఆ బిందెడు నీళ్ళ సంగతి. బాణలిలో నూనె అంటుకున్నప్పుడు నీళ్ళు పోస్తే, అవి అడుగుకి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. ఆ విసురుకి మండే నూనె వంటిల్లంతా చిమ్ముతుంది. చేయవలసింది స్టవ్ కట్టేసి మూత పెట్టడం. గాలి అందక మంట చస్తుంది.

అయితే ఈ చదువులో సగం మంటల గురించి కాదు, మనుషుల గురించీ తలుపుల గురించీను. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయారు. నిప్పు పుట్టింది కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, ప్రాణాలు పోయింది పైన బాల్కనీలో, పొగకి. అదనపు సీట్ల కోసం అక్కడ ఒక పక్క దారి మూసేశారు. పొగలోని కార్బన్ మోనాక్సైడుని మన రక్తం ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఈ పాఠం జరిగిన రోజు సినిమా హాలు మేనేజరు గారు ఒక్క జోకూ వెయ్యలేదు. లీడింగ్ ఫైర్‌మన్ గారు మాత్రం నెమ్మదిగా, "మేం వెళ్ళేసరికి చాలాసార్లు మనుషులు తలుపు దగ్గరే పడి ఉంటారండీ" అన్నారు. ఆ పైన ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు మా గిడ్డంగి వెనక తలుపు దగ్గరికి వెళ్ళాను. తాళం. సరుకు పోతే వాచ్‌మన్ జీతంలో కోస్తారు. అందుకని తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. "బాబూ, నిప్పు ఎప్పుడో వస్తుంది. దొంగ రోజూ వస్తాడు" అన్నాడు. కాదనడానికి నాకు మాట దొరకలేదు.

మేనేజ్‌మెంట్ అన్న మాటకి అర్థం నాకు అక్కడ తెలిసింది. లోపలినుంచి అడ్డకడ్డీ నెడితే తెరుచుకుని, బయటినుంచి తెరుచుకోని తలుపులున్నాయి. ఆ కడ్డీని ప్యానిక్ బార్ అంటారు. తలుపు తెరిస్తే గంట మోగేలా కూడా పెట్టించవచ్చు. ఖర్చు లెక్క వేసి యజమాని ముందు పెట్టాను. మొదటిసారి "చూద్దాంలే" అన్నారు. రెండోసారి "నీకు చదువెక్కువైంది" అన్నారు. మూడోసారి వాచ్‌మన్నే వెంటబెట్టుకుని వెళ్ళాను. "జీతం కొయ్యనని మాటిస్తే తాళం నేనే తీసేస్తానండయ్యా" అన్నాడతను. యజమాని మా ఇద్దరి వంకా చాలాసేపు చూసి, ఒక తలుపుకి ఒప్పుకున్నారు. మేడమీద తలుపు ఇంకా తాళంలోనే ఉంది. పరీక్షలయ్యాక మళ్ళీ వెళ్ళాలి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వొద్దని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఆ బావి ముందే తవ్వించడం ఎంత కష్టమో మాత్రం చెప్పలేదు. తవ్వించినవాడికి మెచ్చుకోలూ ఉండదు. ప్రమాదం రాకపోతే, "చూశావా, ఏమీ కాలేదుగా!" అంటారు.

మిత్రులారా, వార్షికోత్సవం రోజున మన హాలు కిటకిటలాడుతుంది. కూర్చునే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, రెండో తలుపు ఎక్కడుందో చూసుకోండి. దానికి కుర్చీలు అడ్డం ఉంటే తీసి పక్కన పెట్టండి. ఎవరైనా కోప్పడితే మా బ్యాచి పేరు చెప్పండి.