జోరీగ, ఉసిళ్ళు, ఇంట్లో పోరు

సైకిల్ గురించి రాసేవాళ్ళంతా గాలి గురించి రాస్తారు. పొద్దున్నే మొహానికి తగిలే చల్లగాలి, గండిపేట చెరువు మీంచి వచ్చే గాలి, దిగుడులో చెవుల్లో హోరెత్తే గాలి. నిజమే, అదంతా ఉంటుంది. కానీ ఆ గాలిలో ఏమేం ఎగురుతుంటాయో మాత్రం ఎవరూ రాయరు. హైదరాబాద్‌లో ఆరేళ్ళుగా తొక్కుతున్నాను కాబట్టి ఆ సంగతి నేను కొంచెం చెప్పగలను.

కారులో వెళ్ళేవాళ్ళకి పురుగంటే అద్దం మీద మరక. బైక్ వాళ్ళ హెల్మెట్‌కి ముందు గాజు ఉంటుంది. నడిచేవాళ్ళు చేత్తో విసురుకుంటారు. గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి ఏడు మీటర్ల చొప్పున, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, నోరు తెరిచి రొప్పుతూ పోయేది మేమే. పురుగుకి తప్పుకునే టైం ఉండదు, మాకు విసురుకునే చెయ్యి ఖాళీ ఉండదు.

చిన్న చిన్న బాధల మీద వేమన చెప్పిన పద్యం మనందరం స్కూల్లో బట్టీ పట్టిందే. అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా నాకు సైకిల్ మీదే అనుభవంలోకి వచ్చాయి. చెప్పు బదులు షూ, అంతే తేడా. ఆ పద్యంలో చివరికి ఇంటి సంగతి కూడా ఒకటి వస్తుంది కదా, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మిగతావాళ్ళకి ఎండాకాలం, వానాకాలం, చలికాలం. మాకు వేరే పంచాంగం ఉంది. మృగశిర కార్తెతో ఉసిళ్ళు మొదలవుతాయి. మొదటి గట్టి వాన పడ్డాక సాయంత్రం నేలలోంచి రెక్కల చెదలు వేలకి వేలు లేచి, ఎక్కడ దీపం కనిపిస్తే అక్కడ మూగుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఎండకి నీడ, రాత్రికి లైట్లు. లైట్లున్నాయి కాబట్టి ఉసిళ్ళూ వస్తాయి. ఒక జూన్ సాయంత్రం ఆ ట్రాక్ మీద ఎన్ని మింగానో లెక్క లేదు. ఫోన్‌లో చెప్తే అమ్మ మొదట అడిగింది, "మింగేశావా? ఉమ్మెయ్యలేదూ?" మాది గుడ్డు కూడా తినని ఇల్లు. మా అమ్మమ్మగారి ఊళ్ళో వీటిని పట్టి వేయించుకుని తినేవాళ్ళు ఉండేవాళ్ళని, ఆ వాసన కమ్మగా ఉండేదని ఆ రోజే బయటపెట్టింది. ముప్ఫయ్యేళ్ళలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

వానలు తగ్గాక చెరువుల దగ్గర, పొద్దుగూకే వేళ, సరిగ్గా కంటి ఎత్తులో ముసిరే చిన్న పురుగులు వస్తాయి. వాటి పేరు ఎవర్నడిగినా "పురుగులు" అనే చెప్పారు. నలుసంత ఉంటాయి, కంట్లోనే పడతాయి. రుద్దకుండా ఆగి, నీళ్ళతో కడుక్కోవాలి. ఆగడమంటే రోడ్డు పక్కకి వెళ్ళడం, పక్కకి వెళ్తే పల్లేరుకాయలు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకి ఉండేట్టు చేసిపెట్టిన కాయ అది. అమెరికాలో సైకిల్ వాళ్ళు దీన్నే గోట్‌హెడ్ అని తిట్టుకుంటారట. మేకతల. కాయని విడగొట్టి చూస్తే నిజంగానే రెండు కొమ్ములతో అలాగే ఉంటుంది. ఊళ్ళో కాలికి గుచ్చుకున్న కాయ వేల మైళ్ళ అవతల కూడా జనాల టైర్లు దించుతోందంటే ఎందుకో కొంచెం తృప్తిగా అనిపించింది.

చలికాలం కుక్కలది. వాటితో గెలవాలంటే వేగం పెంచకూడదు, దిగిపోవాలి. దిగి, సైకిల్‌ని మనకీ కుక్కకీ మధ్య పెట్టి నిలబడితే దానికి ఇంక తరమడానికి ఏమీ మిగలదు. కాసేపు మొరిగి, బోరు కొట్టి వెళ్ళిపోతుంది. బైక్ మీద ఇద్దరు కుర్రాళ్ళు పక్కనే నెమ్మదిగా వస్తూ "మేడమ్, ఏ జిమ్ము?" అని మొదలుపెట్టినప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. దిగితే వాళ్ళూ ఆగుతారు. ఆ జోరీగలకి కార్తె లేదు, ఏడాది పొడుగునా ఉంటాయి.

ఇక వేసవి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద పెద్ద బిల్డింగుల పై అంతస్తుల కింద నల్లగా, వెడల్పుగా వేలాడే తేనెపట్లు చూసే ఉంటారు. అవి కొండ తేనెటీగలవి. అడవిలో అయితే కొండచరియలకీ, ఎత్తయిన చెట్లకీ పడతాయి. మనం అద్దాల కొండలు కట్టి పెట్టాం కాబట్టి ఇక్కడికొచ్చాయి.

మొదటిసారి నన్ను తేనెటీగ కుట్టింది శంకర్‌పల్లి రోడ్డు మీద, మెడ మీద. పక్కనే కల్లు అమ్మే ఆయన పరిగెత్తుకొచ్చాడు. కల్లు కుండల చుట్టూ ఎప్పుడూ ఈగలూ తేనెటీగలే కాబట్టి ఆయనకిది రోజూ పని. "ఏందమ్మా, కుట్టిందా? రుద్దకు. ముందుగాల ముల్లు తీయాలె" అంటూ గోటితో చటుక్కున లాగేశాడు. తర్వాత సున్నం పూశాడు. సున్నం సంగతి ఏమోగానీ, ముల్లు విషయంలో ఆయన మాట అక్షరాలా సరైనది. తేనెటీగ ముల్లుకి వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి. అది చర్మంలో దిగబడితే తేనెటీగ పొట్ట చిరిగి, విషసంచితో సహా అక్కడే వదిలేసి చచ్చిపోతుంది. ఆ సంచి తర్వాత కూడా కొట్టుకుంటూ విషం ఎక్కిస్తూనే ఉంటుంది. ముల్లుని గీకి తియ్యాలా, పట్టుకుని లాగాలా అని డాక్టర్లు చాలాకాలం వాదించుకున్నారు. ఎలా తీశామన్నది కాదు, ఎంత తొందరగా తీశామన్నదే ముఖ్యమని 1996లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. కల్లు ఆయనకి ఆ పత్రికతో పని పడలేదు.

కుట్టించుకున్న వాడికి సైన్సు మీద ఆసక్తి పుడుతుంది. ఆ వారమంతా ఇదే చదివాను. కుట్టేవన్నీ ఆడవే అని తెలిసింది. ముల్లు అసలు గుడ్లు పెట్టే అవయవం, కాలక్రమాన ఆయుధంగా మారింది. మగ తేనెటీగకి అది లేదు కాబట్టి కుట్టలేదు. కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది, ఎన్నిసార్లయినా కుట్టి ఎగిరిపోగలదు. జస్టిన్ స్మిట్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త జీవితమంతా రకరకాల పురుగులతో కుట్టించుకుని, నొప్పిని ఒకటి నుంచి నాలుగు దాకా కొలిచి పెట్టాడు. తేనెటీగకి ఆయనిచ్చిన మార్కులు రెండు. మైకేల్ స్మిత్ అనే ఇంకొకాయన 2014లో తన ఒంటి మీద 25 చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని, ఎక్కడ ఎక్కువ నొప్పో తేల్చాడు. అన్నిటికన్నా ఘోరం ముక్కుపుట, దాని తర్వాత పై పెదవి. అంటే సైకిల్ మీద గాలికి ఎదురుగా మనం పెట్టుకుని వెళ్ళేవే.

తేనెటీగ కుట్టినప్పుడు మిగతావాటికి ప్రమాదం అని చెప్పే వాసన ఒకటి వదులుతుంది. అందులో ముఖ్యమైన రసాయనం అరటిపండు వాసన వేస్తుంది. జెర్సీ వెనక జేబులో రెండు అరటిపళ్ళు లేకుండా బయల్దేరే సైక్లిస్టుని నేనింతవరకు చూడలేదు. అరటిపళ్ళు చూసి తేనెటీగలు మీద పడతాయని కాదు. ఊరికే, తెలిసిన దగ్గర్నుంచి నేను జేబులో ఖర్జూరాలు పెట్టుకుంటున్నాను.

ఇదంతా సరదాగా చెప్పుకునే విషయంగా ఉన్నది పోయిన మార్చి దాకా. గండిపేట రోడ్డు మీద హెల్మెట్ సందుల్లోంచి ఒకటి లోపలికి దూరి, చెవి వెనక కుట్టింది. హెల్మెట్ విప్పి, ముల్లు లాగి, నీళ్ళు పోసుకుని మళ్ళీ బయల్దేరాం. పావుగంటలో అరచేతులు దురద. తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు. తర్వాత గొంతు ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు. నాతో వచ్చిన ఫ్రెండ్ రెండు సైకిళ్ళూ ఒక టీకొట్టు దగ్గర పడేసి, నన్ను ఆటోలో వేసుకుని తీసుకెళ్ళింది. ఆస్పత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ రాత్రంతా ఉంచారు.

పొద్దున డ్యూటీ డాక్టర్ ఓపిగ్గా చెప్పింది. మొదటి కుట్టు నా ఒంటికి పరిచయం చేసింది, రెండోసారికి ఒళ్ళు గుర్తుపట్టి అతిగా స్పందించింది. మూడోసారి ఇంతకన్నా ఎక్కువ కావచ్చు, కాకపోవచ్చు. సెటిరిజిన్ బిళ్ళ దద్దుర్లకి పనికొస్తుంది గానీ గొంతు మూసుకుపోతుంటే దాన్ని నమ్ముకోకూడదు. విషాన్నే చిన్న చిన్న మోతాదుల్లో మూడు నుంచి ఐదేళ్ళు ఇచ్చి ఒంటికి అలవాటు చేసే వైద్యం ఉంది. "సైకిల్ మానేయాలా?" అని అడిగాను. "అది నేను చెప్పేది కాదు. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి" అంది.

మానేయమని చెప్పింది అమ్మ. తెనాలి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, బాల్కనీలో సైకిల్‌ని చూస్తూ అంది, "దాన్ని అమ్మెయ్యవే." ఏడో తరగతిలో, ఆడపిల్లకి సైకిలేంటని నాన్న అంటుంటే, తన చీటీ డబ్బులతో నాకు మొదటి సైకిల్ కొనిచ్చింది ఈ అమ్మే. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. లారీల పక్కన తొక్కుతుంటే ఆరేళ్ళూ ఏమీ అనలేదు కదా అన్నాను. "లారీ అయితే నువ్వు చూసుకుంటావు, వాడు చూసుకుంటాడు. దానికేం తెలుసే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వేమన ఆ చివరిదాన్ని బాధల్లో కలిపేశాడు గానీ, మా ఇంట్లో పోరు ప్రేమ రూపంలోనే ఉంది కాబట్టి దాన్ని విదిలించుకోవడం కుదరదు.

మూడు నెలలు సైకిల్ బాల్కనీలోనే ఉంది. క్యాబులో ఆఫీసుకెళ్ళాను. కిటికీలోంచి చూస్తే పొద్దున ఆరింటికి రోడ్డు మీద సైకిళ్ళు ఎన్నో కనిపించేవి. హ్యాండిల్‌కి టిఫిన్ బాక్సులు కట్టుకుని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సైట్లకి వెళ్ళే కూలీలు, రాత్రి డ్యూటీ దిగి ఇళ్ళకి పోతున్న సెక్యూరిటీ గార్డులు. వాళ్ళ కళ్ళల్లో కూడా ఆ పురుగులే పడతాయి. సైక్లిస్టులు అన్నప్పుడు వాళ్ళని ఎవరూ లెక్కేయరు, నేనూ పైన "మేము" అన్నప్పుడు వాళ్ళని కలుపుకున్నానో లేదో చెప్పలేను.

జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. ఫ్రెండ్ తోడు, సీటు కింద సంచిలో డాక్టర్ రాసిచ్చిన మందులు, వాటి మీద నా పేరు, ఎలర్జీ సంగతి, అమ్మ నంబరు రాసిన కాగితం. నార్సింగి సిగ్నల్ దగ్గర రోజూ కనిపించే గార్డు ఒకాయన పలకరించాడు. "చాన దినాలైంది బిడ్డా, కనవడ్తలేవు?"

"తేనెటీగ కుట్టింది అంకుల్. ఆస్పత్రిలో వేశారు."

"నన్ను గుడ కుట్టింది పోయినేడు. మొకం ఇంత ఉబ్బింది. డ్యూటీకి పోవాలె గదా మరి, పోయిన." అని, తన తల చుట్టూ, మెడ చుట్టూ, ముక్కు మీదుగా చుట్టిన తువ్వాల చూపించాడు. "గిట్ల గట్టుకో. ఏం రాదు."

సిగ్నల్ పడింది. ఆయన కుడివైపు వెళ్ళిపోయాడు, ఆ పాత సైకిల్ చైను చప్పుడు కాసేపు వినిపించింది.

ఇప్పుడు నా హెల్మెట్ కింద ఒక పల్చటి తువ్వాల ఉంటుంది. రంగుల కళ్ళద్దాలూ, మెడ దాకా జిప్పూ దాని తర్వాతే. తొక్కడం అయిపోయాక అమ్మకి "చేరాను" అని మెసేజ్ పెట్టాలన్నది మా ఒప్పందం. రెండు నిమిషాల్లో జవాబొస్తుంది. రోజూ ఒకటే.

"నోరు మూసుకునే తొక్కావా?"