ఇరుసు పాట

గ్రైండరు మొరాయిస్తే ప్లగ్గు పీకి పక్కన పెట్టడం తప్ప నాకు మరమ్మతుల గురించి ఇంకేమీ తెలియదు. బి.ఏ. చదివిన దానిని, అది నా సబ్జెక్టు కాదని ఇన్నాళ్లూ దర్జాగా చెప్పుకునేదాన్ని. అలాంటి నేను పుట్టింట్లో మోచేతుల దాకా గ్రీజు పూసుకుని కూచున్నానంటే మావారు నమ్మలేదు. మీరైనా నమ్మండి.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని బళ్లో చెబితే, పోనీ ఇందులోనైనా మొదటి ర్యాంకు వచ్చిందని నవ్వుకున్న పిల్లలం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ దేవుడు దయతలిస్తే. వేసవిలో అన్నయ్య ట్రాక్టరు వెనక ట్రైలరు మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. పంట రోజుల్లో అదే ట్రైలరులో బుడ్డలు, కూలికి పోయే ఆడవాళ్లు. మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం చెబుతుంది. పొలం నాలుగు మైళ్లని కాళ్లు చెబుతాయి.

రెండేళ్ల క్రితం నేనూ సరదాపడి ఎక్కాను. కుడి చక్రం దగ్గర్నుంచి సన్నగా మూలుగు. పల్లె పాట అనుకుని మురిసిపోయాను! అప్పుడు రాస్తున్న సీరియల్లో నాయిక కళ్లు మూసుకుని ఆ పాట వినే సన్నివేశం ఆ రాత్రే రాసేశాను. నాలుగో రోజున ఆ చక్రం ఊడిపోయింది. ట్రైలరు ఒరిగింది. ప్రాణాలు దక్కాయిగాని, పదిహేడేళ్ల పిల్లకు ముంజేయి విరిగింది. అన్నయ్యే వైద్యం చేయించాడు. ఆ సన్నివేశం అచ్చయ్యాక మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు నేను పూర్తిగా చదవలేకపోయాను.

అప్పట్నుంచీ బుడ్డలు పీకే ముందు ఆ పని వదినే చేస్తోంది. ఈసారి నేర్చుకుందామనే వెళ్లాను.

"ముందర ట్రాక్టరు తాళం తీసి నీ కొంగున కట్టుకో పాపా" అంది వదిన. ట్రైలరు ఖాళీ చేయించి, గట్టినేల మీద నిలిపి, రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టింది. జాకీతో లేపాక ఇరుసు కింద మందపాటి మొద్దులు పేర్చింది.

"జాకీ ఉండాది కదా వదినా?"

"జాకీ లేపేదానికే. మోసేదానికి కాదు."

చక్రం తీసి, మూత విప్పి, పిన్ను లాగి, నట్టు తిప్పితే బేరింగు బయటికొచ్చింది. గ్రీజులో మా ఎర్రదుమ్ము కలిసి నూరుడు రాతి మీది ముద్దలా ఉంది. ఆ ముద్దే లోపల ఇనుమును అరగదీస్తుందట. గ్రీజు ఎండితే బేరింగు వేడెక్కి, రోలర్లు బిగుసుకుని, చివరికి చక్రమే చేయిస్తుంది.

డీజిలులో బ్రష్షుతో కడిగాం. పెట్రోలు వద్దంది, దాని ఆవిరికి నిప్పురవ్వ చాలు. గాలి పంపుతో గిర్రున తిప్పి ఆరబెట్టకూడదట, రోలరు ఊడి ముఖాన తగులుతుంది. గుడ్డతో తుడిచి ఆరనిచ్చాం. ఏ చక్రానివి ఆ పళ్లెంలోనే, లోపలిది లోపలిదే, బయటిది బయటిదే. రోలర్ల మీద గుంటలున్నా, కాలి నీలిరంగు తేలినా, అది తిరిగే గిన్నెతో సహా జతగా మార్చాల్సిందే.

ఇక గ్రీజు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపు దానికి అదిమి, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఎక్కించాలి. అచ్చం గుత్తివంకాయలో కారం కూరినట్టే! పైన పూస్తే చాలదు. ఇన్నాళ్లకు నాకు తెలిసిన పని ఒకటి దొరికింది.

కొత్త సీలు వేసి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కాస్త వదులు చేసి, కొత్త పిన్ను దూర్చింది. నాలుగు మైళ్లు తిరిగొచ్చాక హబ్బు గోరువెచ్చగా ఉండొచ్చుగాని, చెయ్యి పెట్టలేనంత కాలకూడదట.

కరణాన్ని మంచి చేసుకోమనడానికి సుమతీ శతకకారుడు ఇరుసు కందెనను ఉపమానం తెచ్చుకున్నాడు. 1984లో మన రాష్ట్రంలో కరణాలు రద్దయ్యారుగాని, కందెన రద్దు కాలేదు.

చక్రాన్ని చేత్తో తిప్పాను. చప్పుడు లేదు. అప్పుడు చెప్పేశాను. "ఆ రోజు ఆ మూలుగు నేను విన్నాను వదినా. ఎవరికీ చెప్పలేదు."

వదిన చేతులు తుడుచుకుంటూ అంది. "నువ్వొక్కదానివేనా పాపా? ట్రైలర్లో ఉన్నోళ్లమంతా విన్యాము. ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్యాము."

ఇప్పుడు కూలివాళ్లు ఆటోలో వెళుతున్నారు. ట్రైలరు బుడ్డలకే. మర్నాడు ఆటో కోసం నిల్చున్న ఆ పిల్ల, ట్రైలరు వీధి దాటేదాకా చెవి ఒగ్గి వింది. "సప్పుడే లేదు కదమ్మా!" అంది. గోళ్లలో ఇంకా నల్లగా ఉన్న నా చేతిని చూపించాను. ఫక్కున నవ్వింది.

నవల పుస్తకంగా వచ్చేటప్పుడు ఆ సన్నివేశం కొట్టేశాను. ఎందుకు తీసేశారని అడిగే పాఠకురాళ్లకు ఇదే నా జవాబు.