సామాను మీది, చెయ్యి నాది

పెట్టె మంగళవారం సాయంత్రం వచ్చింది. చెప్పిన రోజుకంటే ఒక రోజు ముందే. లోపల బుడగల ప్లాస్టిక్‌లో చుట్టిన ఏడు ఉక్కు చక్రాల దొంతర. చిన్నది పైన, పెద్దది కింద, పళ్లన్నీ తళతళలాడుతున్నాయి. ఫొటోలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ధర రూ.890. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లే 41 ఏళ్ల అకౌంటెంట్ దాన్ని చేతిలో తిప్పి చూసుకున్నారు. ఆదివారం దాకా ఆగడమెందుకని ఆ రాత్రే వెనక చక్రం ఊడదీశారు. పాత పళ్ల దొంతర మాత్రం పానాకు లొంగలేదు. గంటసేపు తంటాలు పడ్డాక చేతులకూ, కొత్త పెట్టెకూ, హాల్లో పరిచిన చాపకూ గ్రీజు అంటింది. ఇంట్లోవాళ్లు చాప సంగతి మాత్రమే అడిగారు.

పొద్దున్నే చక్రాన్నీ పెట్టెనూ చెరో చేత్తో పట్టుకుని వీధి మలుపులో ఉన్న సైకిల్ షాపుకు వెళ్లారు. అరవయ్యేళ్ల మెకానిక్ కొత్తదాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ఓ చూపు అటు, ఓ చూపు ఇటు. అంతే. ''మీది మరతోని బిగించేది సార్. గిది లోపలికి జారేది. పట్టదు.''

విషయమింతే. గేర్ల సైకిళ్ల వెనక చక్రానికి పళ్ల దొంతరను అమర్చే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి ఫ్రీవీల్. పెడల్ ఆపినా చక్రం తిరిగేలా చేసే యంత్రాంగం పళ్లతోపాటు అందులోనే ఉంటుంది. మొత్తాన్నీ హబ్బు మీదున్న మరకు తిప్పి బిగిస్తారు. రెండోది క్యాసెట్. ఇందులో ఆ యంత్రాంగం హబ్బులోనే ఉంటుంది. పళ్ల దొంతరను గాడుల వెంట లోపలికి తోసి పైన ఓ బిళ్ల బిగిస్తే చాలు. తక్కువ ధర గేర్ల సైకిళ్లలో ఎక్కువగా ఉండేది మొదటి రకం. ముందు నుంచి తీసిన ఫొటోలో రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. రెంటి మీదా '7 స్పీడ్' అనే ఉంటుంది. అకౌంటెంట్ చూసిందీ ఆ ఏడునే. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పలేదు, కొన్నవారూ అజాగ్రత్తగా లేరు. అడగాల్సిన ప్రశ్న ఒకటుందన్న సంగతే ఆయనకు తెలియదు.

నిజానికి సైకిల్ కొన్న ఇరవయ్యేళ్లలో ఆయనకు ఆ అవసరమే రాలేదు. అరిగిన ముక్కను షాపు బల్ల మీద పెట్టి ''ఇదొకటి కావాలి'' అంటే సరిపోయేది. దాని పేరు తెలియక్కర్లేదు, కొలత అసలే అక్కర్లేదు. మేకుకు వేలాడే యాభై రకాల్లోంచి సరైనదాన్ని షాపువాళ్ల చెయ్యే వెతికి తీసేది. వంద రూపాయల వస్తువుకు నూట ఇరవై తీసుకుంటున్నారని అప్పట్లో సణుక్కున్న మాట నిజం. ఆ ఇరవై దేనికో ఇప్పుడు అర్థమవుతోంది. ఆన్‌లైన్‌లో వస్తువు మాత్రమే ఇంటికొస్తుంది. ఏది కావాలో తేల్చే పని కొనేవారి నెత్తిన పడుతుంది. సబ్బుకో పుస్తకానికో ఇది బరువు కాదు. సైకిల్ విడిభాగానికి బరువే.

టైర్ల సంగతి చూడండి. 26 అంగుళాల టైరు అంటే ఒకటే అనుకుంటాం. 26×1.95 అని దశాంశంలో రాసినది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు పడుతుంది. 26×1⅜ అని భిన్నంలో రాసినదానికి 590 మిల్లీమీటర్ల రిమ్ము కావాలి. రెంటి మధ్య తేడా మూడు సెంటీమీటర్లకు పైనే. బజారులో మాత్రం రెండూ 'ఇరవయ్యారే'. ఈ చిక్కు తీర్చడానికే టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 తరహాలో మరో జత అంకెలు పోతపోసి ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కొలత. నమ్మదగ్గది ఈ రెండో అంకే. అమ్మకం పేజీల్లో తరచుగా కనిపించనిదీ అదే.

అకౌంటెంట్‌కు ఈ అంకెల పాఠం తండ్రి సైకిల్ నేర్పింది. తెనాలి దగ్గర పల్లెలో ఉండే ఆ రిటైర్డు మాస్టారు ఇప్పటికీ పెద్ద నల్ల సైకిలే తొక్కుతారు. టైరు పోయిందని ఫోన్‌లో ఆయన యథాలాపంగా అన్నారు. ఇంకేం, కొడుకు అదే సాయంత్రం 28 అంగుళాల టైరుకు ఆర్డరిచ్చి ఊరికి పంపారు. నాలుగో రోజున తండ్రి ఫోను. ''ఒరేయ్, చూడ్డానికి బాగానే ఉంది గానీ రిమ్ము ఎక్కట్లేదురా. సబ్బు నీళ్లు పెట్టి ఇద్దరు లాగారు.'' పాత నల్ల సైకిల్ టైరు 28×1½, అంటే 635. వెళ్లినది 622 కొలత, నాజూకు సైకిళ్లది. దాన్నీ 28 అనే పిలుస్తారు. పదమూడు మిల్లీమీటర్లు ఏ సబ్బు నీళ్లకూ సాగవు. ''ఇక్కడే కొంటే అరగంటలో వేసిచ్చేవాడు గదరా'' అని కూడా అన్నారు మాస్టారు. కొడుకు దగ్గర సమాధానం లేదు.

తిరిగి పంపవచ్చు కదా అంటే, పంపవచ్చు. అయితే కవరు చిరగకూడదు, గ్రీజు అంటకూడదు. కానీ బిగించి చూస్తే తప్ప పట్టదని తెలియదు, బిగించి చూస్తే వెనక్కి తీసుకోరు. 2020లో వచ్చిన ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మంచి నిబంధనలే. కానీ 'ప్రకటించినట్టే ఉంది, నా సైకిల్‌కే పట్టలేదు' అన్న ఫిర్యాదుకు వాటిలో చోటు లేదు. క్యాసెట్ విషయంలో అకౌంటెంట్‌కు మర్యాదగా వచ్చిన జవాబు సారాంశం అదే.

కొన్నవారి అభిప్రాయాలు చదివి కొనొచ్చనే ఆశ ఒకటుంటుంది. ఐదు నక్షత్రాలిచ్చిన ఒకరు 'ప్యాకింగ్ అద్భుతం, ఇంకా బిగించలేదు' అని రాస్తారు. ఒక్క నక్షత్రం ఇచ్చినవారు 'నా సైకిల్‌కు పట్టలేదు' అంటారు, ఏ సైకిలో చెప్పరు. ఇద్దరూ నిజాయతీపరులే, ఉపయోగమే లేదు.

చైను వ్యవహారం మాత్రం ఇలా నవ్వుకుని వదిలేసేది కాదు. పేరున్న జపాన్ కంపెనీ ముద్రతో, షాపు ధరలో మూడింట రెండొంతులకే వచ్చిందా చైను. పట్టింది కూడా. మెకానిక్ దాన్ని వేస్తూ ఒక మాట అన్నారు: ''సామాను మీది, చెయ్యి నాది. ఖరాబైతే నన్నడగొద్దు సార్.'' మూడో వారంలో ఫ్లైఓవర్ ఎక్కుతూ అకౌంటెంట్ లేచి నిలబడి తొక్కుతుండగా చైను తెగింది. కాలి కింద పెడల్ ఒక్కసారిగా ఖాళీ అయింది. మోకాలు హ్యాండిల్‌కు, భుజం రోడ్డు అంచు గోడకు తగిలాయి. వెనక వస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు వేశారు కాబట్టి ఈ కథ ఇక్కడితో ఆగింది. తర్వాత షాపులో అసలు చైను పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. అసలుదాని లింకుల మీద అక్షరాలు లోతుగా దిగి ఉన్నాయి. దీని మీదివి గోటితో గీకితే పోతున్నాయి.

వాపసు గడువు అప్పటికే దాటిపోయింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, రెండు చైన్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాక డబ్బు తిరిగొచ్చింది. మోకాలి కట్టు ఖర్చు ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఆ అమ్మకందారు పేజీలో మాత్రం అదే చైను మరో నెల పాటు కనిపించింది.

అలాగని ఆన్‌లైన్ దుకాణాన్ని తిట్టి ఊరుకోవడం అన్యాయం. 200, 300 కిలోమీటర్ల దూర సవారీలు చేసేవారిని అడిగితే వేరే కథ చెబుతారు. పదిహేనేళ్ల కిందట వాళ్లకు కావాల్సిన గేరు మార్చే పరికరమో సన్నని టైరో మన బజార్లలో అరుదు. బ్రిటన్‌లోని చైన్ రియాక్షన్ సైకిల్స్ వంటి దుకాణాలకు ఆర్డరిచ్చి, కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందోనని పార్సిల్ వచ్చేదాకా లెక్కలేసుకుంటూ కూర్చునేవారు. నార్తర్న్ ఐర్లండ్‌లో ఓ కుటుంబం నడిపిన చిన్న సైకిల్ షాపుగా మొదలైన ఆ సంస్థ 2016లో విగిల్‌తో కలిసింది. 2023 అక్టోబర్‌లో ఆ ఉమ్మడి సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఆ తర్వాత పేర్లు మాత్రం వేరే యజమాని చేతికి మారాయి. కోవిడ్ కాలంలో ప్రపంచమంతా సైకిళ్ల మీద పడినప్పుడు విడిభాగాలకు కరువొచ్చింది. ఆనాడు ఏ ఊళ్లో ఏ ముక్క మిగిలి ఉందో ఫోన్‌లో వెతికి తెప్పించుకున్నవారికి ఈ సౌకర్యం విలువ తెలుసు. చిన్న పట్టణాల్లో ఉండేవారికి ఇప్పటికీ ఇదే దారి. ఒక్క తేడా. వాళ్లకు తమ హబ్బు రకం, రిమ్ము కొలత, చైను వెడల్పు కంఠతా వచ్చు. మెకానిక్ తలలోని విద్యను వాళ్లు ముందే సంపాదించుకున్నారు. ఆన్‌లైన్ చౌక పూర్తిగా దక్కేది ఇలాంటివారికే.

సైకిళ్లు, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ధర తగ్గడం అందరికీ మంచిదే. మెకానిక్ షాపులో మాత్రం మేకులకు వేలాడే రకాలు ఏటా తగ్గుతున్నాయి. వచ్చినవాళ్లు ముందు ధర అడుగుతారు, తర్వాత ఫోన్ తీసి చూపిస్తారు. సరుకు మీద మిగిలేదేమీ లేనప్పుడు నిలవ పెట్టడమెందుకన్నది ఆయన ప్రశ్న. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది వేరేచోట కొన్నవాటిని బిగించడమే. కొన్నిసార్లు బిగించడం కూడా ఉండదు, పట్టదని చెప్పి పంపడమే. దానికి డబ్బులడగడం ఆయనకు చేతకాదు.

అకౌంటెంట్ ఇప్పుడూ ఫోన్‌లో కొంటున్నారు. ఆర్డరిచ్చే ముందు మాత్రం ఆఫీసు నుంచి వచ్చే దారిలో షాపు ముందు సైకిల్ ఆపి స్క్రీన్ చూపిస్తారు. మెకానిక్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని ఔననో కాదనో తల ఊపుతారు. బ్రేకు రబ్బర్లూ చైనూ మాత్రం ఇక షాపులోనే. మాస్టారి సైకిల్‌కు టైరు తెనాలిలోనే వేయించారు.

వెనక్కి వెళ్లని ఆ ఏడు చక్రాల దొంతర ఏడు నెలలు షాపు మేకుకు వేలాడింది. ఎవరో కుర్రాడు సరిగ్గా దానికి పట్టే చక్రంతో వచ్చాడట. మెకానిక్ రూ.600కు ఇచ్చి, అకౌంటెంట్ చేతిలో ఐదు వందలు పెట్టారు. వంద తన దగ్గరే ఉంచుకున్నారు. ఎందుకని ఆయన అడగలేదు.